ఆ లైటు వెలగనివ్వండి: తోటి ఆటో ఎలక్ట్రీషియన్లకు బహిరంగ లేఖ

ఆటోనగర్ అన్నలకు, తమ్ముళ్లకు, ఊరూరా రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని కార్ల వైరింగ్ పని చేసే తోటివాళ్లందరికీ నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. సెల్ఫ్ మోటార్లు విప్పి బుష్‌లు మార్చడం దగ్గర మొదలుపెట్టి, ఇప్పుడు స్కానర్ పట్టుకుని, కారు కంప్యూటర్ చెప్పే తప్పుల కోడ్లు చదివే దాకా వచ్చాను. నాకంటే పని బాగా తెలిసినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. అయినా ఈ లేఖ రాయడానికి కారణం, పోయిన నెల నా షెడ్డుకి వచ్చిన ఒక కారు, దాని ఎయిర్‌బ్యాగ్ లైటు.

హారన్ మోగట్లేదని తెచ్చారు. ఓనరు ఏడాది కిందట సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారట. తాళం తిప్పాను. మీటర్ బోర్డులో ఆయిల్ లైటు వచ్చింది, బ్యాటరీ లైటు వచ్చింది, చెక్ ఇంజిన్ వచ్చింది. ఎయిర్‌బ్యాగ్ లైటు మాత్రం రాలేదు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే అది నాలుగైదు సెకన్లు వెలిగి ఆరిపోవాలి కదా. అసలు వెలగకపోవడమంటే, ఎప్పటికీ ఆరకపోవడం కంటే చెడ్డ లక్షణం. మీటర్ విప్పి చూస్తే ఆ గుర్తు వెనక ఎవరో నల్ల టేపు ముక్క శ్రద్ధగా కత్తిరించి అంటించారు. టేపు పీకితే లైటు వెలుగుతూనే ఉంది. బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, స్టీరింగ్ ప్యాడ్ విప్పాను. లోపల బ్యాగ్ లేదు. ఉత్త మూత. చీలిన మూతను లోపలి నుంచి ఎమ్‌సీల్‌తో అతికి, పైన రంగు కొట్టారు. ఎయిర్‌బ్యాగ్ తీగలు కలిపే పసుపు కప్లర్‌లో, బ్యాగ్ ఉన్నట్టే నమ్మించే చిన్న రెసిస్టర్ ఒకటి దూర్చి ఉంది. తిరిగే స్టీరింగ్‌లోకి తీగలను తీసుకెళ్లే స్పైరల్ కేబుల్ ఎప్పుడో కాలిపోయింది. హారన్ మోగకపోవడానికి, రెసిస్టర్ ఉన్నా లైటు ఆరకపోవడానికి కారణం అదే.

ఆయన ఆ ఖాళీ మూత వైపు చూసి, "అంటే ఏడాదిగా నా ముందు ఏమీ లేదా?" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అలాంటి రెసిస్టర్ నేనూ ఒకసారి పెట్టాను.

2014లో. సెకండ్‌హ్యాండ్ కార్ల వ్యాపారం చేసే ఒకాయన వెండి రంగు చిన్న కారు తెచ్చాడు. ముందు గుద్దుకుంది, బ్యాగులు రెండూ పేలాయి. టింకరింగ్, పెయింటింగ్ అయిపోయాయి. బ్యాగులను పేల్చే కంప్యూటర్ డబ్బా, అదే మాడ్యూల్‌ని ఎక్కడికో పంపి క్రాష్ రికార్డు తుడిపించుకొచ్చాడు. "లైటు ఒక్కటి ఆర్పు తమ్ముడూ, ఎనిమిది వందలిస్తా" అన్నాడు. అరగంట పని. ఆర్పాను. ఆ రోజు నాకు అది తెలివితేటల్లా అనిపించింది. పక్క షెడ్డు కుర్రాడికి పిలిచి చూపించాను కూడా. ఆ కారు ఎవరు కొన్నారో, ఇప్పుడు ఏ ఊళ్లో తిరుగుతోందో నాకు తెలియదు.

అందుకని మీ తప్పు ఎత్తి చూపడానికి రాస్తున్నానని అనుకోకండి. ఆ పని చేసినవాడిగానే రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, ఈ పని ఇకముందు మన దగ్గరికి ఎక్కువగా వస్తుంది. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. పక్క సీటుకు 2021లో వచ్చింది. ఆ బండ్ల వారంటీ అయిపోయింది, అవుతోంది. షోరూం మానేసి మన షెడ్ల వైపు తిరుగుతున్నాయి. ఒకప్పుడు ఎయిర్‌బ్యాగ్ పెద్దకార్ల సంగతి, మనకెందుకులే అనుకునేవాళ్లం. ఇప్పుడు ట్యాక్సీకి తిరిగే చిన్న కారులో కూడా కనీసం రెండు ఉన్నాయి.

ముందు ఆ వస్తువు సంగతి. గుద్దుకున్న తర్వాత బ్యాగ్ పూర్తిగా తెరుచుకోవడానికి సెకనులో ముప్పయ్యో వంతు చాలు. కంటి రెప్ప వేసే టైములో మూడో వంతు కూడా పట్టదు. అంత తొందరగా నింపాలంటే గాలి పంపు పనికిరాదు, పేలుడు మందు కావాలి. స్టీరింగ్ మధ్యలో ఉన్నది చిన్న బాంబే. దాన్ని అంటించే స్క్విబ్ రెండు ఓమ్‌ల చుట్టుపక్కల ఉండే సన్నటి తీగ. ఒక ఆంపియరు పైచిలుకు కరెంటు రెప్పపాటు పారితే చాలు, అంటుకుంటుంది. మన టెస్ట్ ల్యాంప్‌లో ఇండికేటర్ బల్బు ఉంటుంది చూడండి, 21 వాట్లది. అది తీసుకునే కరెంటు దాదాపు ఒకటిముప్పావు ఆంపియరు. ఇక లెక్క మీరే వేసుకోండి.

నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒకసారి సీటు కింద పసుపు వైరు చూసి, "అన్నా, సప్లై వస్తోందో లేదో చూస్తా" అంటూ టెస్ట్ ల్యాంప్ క్లిప్పు తగిలించబోయాడు. చేతిమీద ఒక్కటి కొట్టాను. వాడు రెండు రోజులు అలిగాడు. గుద్దుకున్నప్పుడు సీటుబెల్టును లాగి బిగించే ప్రిటెన్షనర్‌లో కూడా మందు ఉంటుందని వాడికి తెలియదు. తప్పు వాడిది కాదు, నేను ముందే చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు నా షెడ్డులో పద్ధతి ఇది. పసుపు వైరు, పసుపు కప్లర్ కనపడితే చేతులు వెనక్కి. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి పక్కకు కట్టేస్తాం. తర్వాత టీకి వెళ్తాం. ఇది సరదాకి చెప్పడం లేదు. గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తీగ తెగిపోయినా బ్యాగ్ పేలాలి కాబట్టి మాడ్యూల్ లోపల కెపాసిటర్లు ఉంటాయి. బ్యాటరీ తీసినా వాటిలో చార్జి కొంతసేపు ఉంటుంది. కొన్ని కంపెనీలు ఒక నిమిషం ఆగమంటాయి, కొన్ని మూడు, కొన్ని పది. ఏ బండికి ఎంతో గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాదు. టీ తాగి వస్తే పది నిమిషాలు అయిపోతుంది.

వచ్చాక బాడీ మీద ఖాళీగా ఉన్న ఇనుము ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ ఏమన్నా ఉంటే వదిలించుకుంటాం. ప్యాడ్ ఊడదీశాక దాన్ని ఒంటికి దూరంగా, పై మూత బయటివైపు ఉండేలా పట్టుకుని నడుస్తాం. బల్ల మీద మూత పైకి ఉండేలా పెడతాం. బోర్లా పెడితే, ఖర్మ కాలి పేలినప్పుడు బ్యాగ్ బల్లను తన్ని, ప్యాడ్ మొత్తాన్ని రాకెట్‌లా పైకి ఎగరేస్తుంది. దాని మీద స్పానర్ పెట్టకూడదు, ఇంకో ప్యాడ్ పేర్చకూడదు, దాని దగ్గర వెల్డింగ్ చేయకూడదు.

స్క్విబ్‌ని మల్టీమీటర్‌తో కొలవడం కూడా వద్దు. మీటర్ ఇచ్చే కరెంటు మిల్లీ ఆంపియర్లే కదా అని వాదించేవాళ్లున్నారు. నిజమే, చాలా మీటర్లలో అంతే. కానీ రేంజి తప్పు తిప్పిన మీటర్లు, లోపల ఎవరో రిపేరు చేసిన మీటర్లు మన షెడ్లలో ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు. సర్వీస్ మాన్యువల్స్ కూడా వద్దనే చెబుతాయి. బ్యాగ్ తీసి పక్కన పెట్టి, దాని స్థానంలో టెస్టింగ్ కోసం డమ్మీ లోడ్, అంటే అంతే ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, స్కానర్‌లో కోడ్ మారిందేమో చూడాలి. మారితే తప్పు బ్యాగ్‌లో, మారకపోతే వైరింగ్‌లో. డమ్మీ పని అంతే. అది సాయంత్రం లోపు బయటికి రావాలి. రెసిస్టర్ అదే, కారులో ఉండిపోతే మోసం.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. ఆ పసుపు కప్లర్ ఊడదీయగానే లోపలున్న చిన్న రేకు రెండు పిన్నులనూ కలిపేస్తుంది. బ్యాగ్ వైపు రెండు తీగలూ షార్ట్ అయి ఉంటే బయటి నుంచి వచ్చే కరెంటు దాన్ని అంటించలేదు. అది కంపెనీ పెట్టిన కాపలా. లూజు కాంటాక్ట్ అని పిన్నుతో గుచ్చి గుచ్చి ఆ రేకును వంచేసిన కప్లర్లు నేను చూశాను. కప్లర్ పాడైతే కంపెనీ ఇచ్చే రిపేర్ కిట్ తెప్పించుకోండి. పసుపు తీగ కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి జాయింట్ వేయడం హెడ్‌లైటుకు చేసినట్టు ఇక్కడ కుదరదు. రెండు ఓమ్‌ల సర్క్యూట్‌లో తుప్పు పట్టిన జాయింట్ ఒక ఓమ్ కలిపినా మాడ్యూల్‌కి తేడా తెలిసిపోతుంది.

ఇదంతా విని "మనకెందుకొచ్చిన గొడవ, లైటు ఆర్పేస్తే పోయె" అనుకునేవాళ్లకు ఒక మాట. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగిన బండ్లలో చాలావాటికి బ్యాగ్ చెడిపోయి ఉండదు. తక్కువ ఖర్చులో తేలిపోయే పనులే ఎక్కువ.

సీటు కింద కప్లర్ చూడండి. వాక్యూమ్ క్లీనింగ్ చేసినప్పుడు, సీటు ముందుకూ వెనక్కూ జరిపినప్పుడు, కింద పడ్డ వాటర్ బాటిల్ దొర్లినప్పుడు అది కదులుతుంది. కోడ్ 'రెసిస్టెన్స్ హై' అని వస్తుంది. శుభ్రం చేసి సరిగ్గా లాక్ చేస్తే సరి. హారన్ మోగకుండా, స్టీరింగ్ మీది బటన్లు పనిచేయకుండా ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలిగిందంటే స్పైరల్ కేబుల్ మీద అనుమానం పడాలి. ఆ మూడింటి తీగలూ దాని గుండానే పైకి వెళ్తాయి. అది మార్చేటప్పుడు చక్రాలు తిన్నగా పెట్టి, కేబుల్‌ని మధ్యకు తెచ్చి బిగించకపోతే మొదటి యూటర్న్‌లోనే తెగుతుంది. బ్యాటరీ వీకైనా పాత కోడ్ నిలిచిపోవచ్చు. స్కానర్‌లో 'హిస్టరీ' అని ఉందా, 'యాక్టివ్' అని ఉందా చూడకుండా మాడ్యూల్ మార్చమని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మాడ్యూల్ అంటే గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఒక కారు వచ్చింది. ఎయిర్‌బ్యాగ్ లైటు, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లైటు ఒకేసారి వెలుగుతున్నాయి, స్టీరింగ్ అప్పుడప్పుడు బరువెక్కుతోంది. ఒక వర్క్‌షాపు వాళ్లు రెండు మాడ్యూళ్లు మార్చాలని పెద్ద అంకె రాసిచ్చారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు జబ్బులు ఒకే రోజు వస్తే మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేంటో చూడాలి. ఉమ్మడిగా ఉండేది సప్లై, కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే ఎర్త్, మాడ్యూళ్లు మాట్లాడుకునే కమ్యూనికేషన్ లైను.

బ్యాటరీ దగ్గర 12.6 ఓల్టులుంది, ఇంజిన్ స్టార్ట్ చేస్తే 14.2. బాగానే ఉంది. హెడ్‌లైట్లు, బ్లోయరు, వెనకద్దం డీఫాగర్ అన్నీ ఆన్ చేసి, మల్టీమీటర్ ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది లోపల ఎర్త్ బోల్టు మీద పెట్టాను. ఓల్టులో పదో వంతు కూడా దాటకూడదు. 0.9 చూపించింది. బోల్టు విప్పితే సంగతి తెలిసింది. నాలుగు నెలల కిందట టింకరింగ్ చేసినవాళ్లు అక్కడ రంగు కొట్టి, రంగు మీదే ఎర్త్ రింగు బిగించారు. గరుకు కాగితంతో గీకి, బిగించి, పైన గ్రీజు రాశాను. 0.04. మూడు జబ్బులూ పోయాయి. తీసుకున్నది నాలుగు వందలు. ఓనరు నమ్మలేక రెండు రోజులు తిప్పి చూసి, మళ్లీ వచ్చి ఇంకో రెండొందలు ఇచ్చి వెళ్లారు.

ఓమ్స్‌లో ఎర్త్ చూస్తే అది 'బాగానే ఉంది' అని చెప్పేది. ఒక్క తీగ పోగు తగులుతున్నా మీటర్ సున్నా చూపిస్తుంది. లోడు పెట్టి ఓల్టేజ్ డ్రాప్, అంటే దారిలో ఎన్ని ఓల్టులు పోతున్నాయో చూస్తేనే నిజం బయటపడుతుంది. ఎర్త్ బాగుండి కూడా లైట్లన్నీ వెలుగుతుంటే అప్పుడు ఆ కమ్యూనికేషన్ లైను, అదే క్యాన్ లైను చూడాలి. చాలా బండ్లలో బ్యాటరీ తీసి, స్కానర్ పెట్టే పోర్టులో 6, 14 నంబరు పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉంటాయి కనుక. 120 వచ్చిందంటే ఒక చివర తెగినట్టే. ఇంత చిన్న కొలతకు మాడ్యూళ్లు మార్చేస్తున్నాం.

వరదనీటి బండ్ల సంగతి వేరే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు వీధులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు మన ఆటోనగర్‌కి బండ్లు ఎలా వచ్చాయో మీరూ చూశారు. సీట్లు విప్పి ఎండబెట్టాం, కార్పెట్లు ఉతికాం, సెంటు కొట్టాం. ఎక్కువ కార్లలో ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ గేరు రాడ్డు దగ్గర, నేలకు ఆనుకుని ఉంటుంది. నీళ్లు మొదట చేరేది దాని దగ్గరికే. ఆరబెడితే కొన్నాళ్లు పనిచేస్తుంది. ఆరు నెలలకు పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. అప్పటికి ఆ బండి వేరే జిల్లాలో, వేరే పేరు మీద ఉంటుంది. మునిగిన మాడ్యూల్‌ని హాట్ ఎయిర్ గన్‌తో ఆరబెట్టి మళ్లీ బిగించకండి. కొత్తది పెట్టలేమంటే పెట్టలేమని ఓనరుకు చెప్పండి.

పాత బ్యాగ్ తెచ్చి పెట్టడం గురించి. స్క్రాప్‌లో వచ్చిన బ్యాగ్ ఏ బండిలో ఎన్నేళ్లుందో, నీళ్లలో మునిగిందో మనకు తెలియదు. జపాన్ కంపెనీ టకాటా కథ మీకు తెలిసే ఉంటుంది. బ్యాగ్‌ని నింపే వాళ్ల ఇన్‌ఫ్లేటర్లలో వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు చెడిపోయి, పేలినప్పుడు ఇనుప డొక్కే ముక్కలై మొహంలోకి వచ్చింది. ప్రపంచమంతా కోట్ల సంఖ్యలో వెనక్కి పిలిచారు, మన దేశంలో కూడా కొన్ని కంపెనీలు పిలిచాయి. 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. వేడి, తేమ అంటే మన కోస్తాకు చెప్పాలా? పాత బండి ఏదొచ్చినా ఛాసిస్ నంబరుతో కంపెనీ సైట్‌లో రీకాల్ ఉందేమో చూడండి. ఉంటే బ్యాగ్ ఫ్రీగా మారుస్తారు. పేరు కూడా మనకే వస్తుంది. పేలని పాత బ్యాగ్‌ని మాత్రం ఇనుప సామాన్లవాడికి వేయకండి. గ్యాస్ కట్టర్ పెట్టేది వాడే.

డాష్‌బోర్డు మీద ఎడమవైపు, సరిగ్గా ఎయిర్‌బ్యాగ్ మూత మీదే వెంకన్న బొమ్మ అంటించిన బండి మీకూ రోజూ కనిపిస్తుంది. బ్యాగ్ తెరుచుకుంటే ఆ బొమ్మ పక్క సీట్లో వాళ్ల మొహం మీదికి వస్తుంది. స్వామిని నడిమధ్యకు జరపమని నేను చెబుతున్నాను. ఎవరూ కోప్పడలేదు. సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటుకు మామూలు కవరు గట్టిగా తొడిగినా, ముందు బంపరుకు ఇనుప గార్డు బిగించినా బ్యాగ్ పని చెడుతుంది. గార్డు గుద్దుడు సెన్సార్లకు చేరే తీరునే మార్చేస్తుంది. గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఇలాంటి మార్పులకు చట్టం ప్రకారం ఒక్కోదానికి 5,000 జరిమానా పడేది కారు ఓనరుకు. బిగించిన మనం డబ్బులు లెక్కపెట్టుకుంటూ ఉంటాం.

ఇక నేను అడిగేది. కొత్త బ్యాగులు, మాడ్యూల్, బెల్టులు అన్నీ కలిపితే పాత బండి ధరను మించిపోతుందని నాకు తెలుసు. ఓనరు పెట్టుకోలేకపోతే అది ఆయన తప్పేం కాదు. అప్పుడు మనం చేయాల్సింది ఏమీ చేయకపోవడం. లైటు వెలగనివ్వండి. బిల్లు మీద 'ఎయిర్‌బ్యాగ్ లేదు' అని తెలుగులో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. రేపు ఆ బండి కొనేవాడు తాళం తిప్పగానే లైటు చూసి అడుగుతాడు. అడిగే అవకాశం అతనికి మిగలాలి. ఎనిమిది వందలకు నేను అమ్మేసింది ఆ అవకాశాన్నే.

వ్యాపారస్తులు బండి ఇంకో షెడ్డుకు తీసుకెళ్తామని బెదిరిస్తారు. అందుకే ఇది ఒక్కణ్ణి చేస్తే కుదరదు. మన అసోసియేషన్ మీటింగులో ఈ మాట పెడతాను. వచ్చినవాళ్లు చేతులెత్తితే చాలు, తీర్మానం కాగితం కూడా అక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నాలు నా షెడ్డు ఖాళీగానే ఉంటుంది. డమ్మీ లోడుతో ఎలా చూడాలో, ఓల్టేజ్ డ్రాప్ ఎలా పట్టాలో మీ కుర్రాళ్లను పంపితే నేర్పిస్తాను. ఫీజు లేదు, టీ ఖర్చు నాది.

చివరగా ఒక సాయం. వెండి రంగు చిన్న కారు, 2012 మోడల్. ముందు కుడివైపు ఫెండర్ మీద రంగు కొంచెం తేడాగా ఉంటుంది. స్టీరింగ్ ప్యాడ్ విప్పితే పసుపు కప్లర్ చుట్టూ నీలం రంగు ఇన్సులేషన్ టేపు మూడు చుట్లు చుట్టి, చివర లోపలికి మడిచి ఉంటుంది. అప్పట్లో నేను అలాగే చుట్టేవాణ్ణి. ఆ కారు మీ షెడ్డుకు వస్తే ఓనరుకు నిజం చెప్పి, నాకు ఫోన్ చేయండి. ఏ ఊరైనా నేనే వస్తాను.